నాన్నగారి మణికట్టు మీద నీలం పట్టీ

మొన్న సాయంత్రం టీవీ చర్చలో నలుగురు పెద్దమనుషులు ఒకేసారి మాట్లాడుతూ ఉంటే, నా కుడిచేతి వేళ్ళు వాటంతటవే ఎడమ మణికట్టు మీదికి వెళ్ళి, గడియారం చుట్టూ ఉన్న ఉక్కు వలయాన్ని తిప్పి, దాని మీది తెల్లచుక్కను నిమిషాల ముల్లుకు ఎదురుగా నిలిపాయి. కాలేజీ రోజుల అలవాటు అది. ఎవరు మాట్లాడటం మొదలుపెట్టినా నేను చుక్క పెట్టేదాన్ని.

నిజానికది మగవాళ్ళ వాచీ, అందులోనూ సముద్రంలో మునిగేవాళ్ళది. మా చిన్న మేనమామ విశాఖ రేవులో నీటి అడుగున ఓడలకు మరమ్మతులు చేసేవాడు. చెవి దెబ్బతిని ఆ పని మానుకున్నప్పుడు దాన్ని నా చేతిలో పెట్టి, వలయం ఒకవైపే తిరుగుతుందనీ, దేనికైనా తగిలి జరిగితే సిలిండర్‌లో గాలి త్వరగా అయిపోతున్నట్టు చూపుతుందే తప్ప ఇంకా ఉందని ఎన్నడూ అబద్ధం చెప్పదనీ వివరించాడు. బ్యాటరీతో నడిచే ఆ క్వార్ట్జ్ వాచీని ఇంట్లో ఇద్దరం పంచుకున్నాం. వారమంతా నీలం గుడ్డపట్టీతో నాది. శనివారం సాయంత్రం బొల్లారం బడిపంతులైన మా నాన్నగారు పట్టీ పిన్నులు ఊడదీసి, తన తోలుపట్టీ తగిలించుకుని ఆదివారం చర్చికి కట్టుకునేవారు. కాలేజీలో నా స్నేహితురాలు మాత్రం, "ఏందే, గోడగడియారం చేతికి కట్టుకొచ్చినవ్?" అని రోజూ ఏడిపించేది.

రాష్ట్రం ఒకటిగా ఉన్న రోజులవి. జంటనగరాల కాలేజీల డిబేట్‌లో గెలిచినవారికి విశాఖలో రాష్ట్రస్థాయి పోటీ. నేను అప్పటికి సముద్రం చూసి ఎరగను; గెలిచి వస్తే రేవంతా తిప్పి చూపిస్తానని మేనమామ ఉత్తరం రాశాడు. పట్నానికి కర్మాగారాలా, చెరువులా అన్నది అంశం. చెరువుల పక్షం నాది. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. సమయం చూసే లెక్చరర్‌గారు వలయం సౌకర్యం చూసి ముచ్చటపడి, నా వాచీనే అడిగి తీసుకున్నారు.

నాకు ముందు కర్మాగారాల పక్షాన మాట్లాడిన అబ్బాయి దిట్ట. అతను ముగింపుకి వస్తుండగానే గంట మోగింది. నోటిదాకా వచ్చిన మాట మింగి దిగిపోయాడు. నేను వేదికెక్కుతూ బల్ల మీదికి చూశాను. లెక్చరర్‌గారి కాగితం మీద అతను మొదలుపెట్టిన సమయం మూడు గంటల పది నిమిషాలని ఉంది. ముల్లు ఇంకా పద్నాలుగు మీదే ఉంది. బల్ల అంచు తగిలిందో ఏమో, చుక్క ఒక నిమిషం వెనక్కి జరిగింది. మునిగినవాడి ప్రాణం కాపాడే పొరపాటు, ఇక్కడ మాట్లాడేవాడి నోరు మూయించింది. అది తెలిసినదాన్ని ఆ హాలు మొత్తంలో నేనొక్కదాన్నే.

"షురూ చెయ్యవేందే!" అని ముందు వరసలోంచి స్నేహితురాలు గదమాయించింది. నాకు విశాఖ గుర్తుకు రాలేదంటే అబద్ధమే అవుతుంది. కాని చెరువుల పక్షాన న్యాయం అడగడానికి నిలబడినదాన్ని, మరొకరి నిమిషం మీద నిలబడి ఎలా అడగను? న్యాయనిర్ణేతల వైపు తిరిగి, నా వాచీ వల్ల అతను ఒక నిమిషం నష్టపోయాడనీ, అది తిరిగి ఇచ్చాకే నేను మాట్లాడతాననీ చెప్పాను.

ఇచ్చారు. ఆ ఒక్క నిమిషంలో అతను చెప్పిన ముగింపుకి నా దగ్గర జవాబు లేకపోయింది.

"పాగల్ గిట్ల అయినవా? చేతులార ఇచ్చినవ్ గదే!" అంది స్నేహితురాలు, కళ్ళనీళ్ళతో. విశాఖకు అతనే వెళ్ళాడు.

ఇంట్లో చెప్పినప్పుడు నాన్నగారు మెచ్చుకోనూ లేదు, ఓదార్చనూ లేదు. శనివారం సాయంత్రం నేను తోలుపట్టీ తెచ్చి ఇస్తే, "ఈ వారం అక్కర్లేదమ్మా" అన్నారు. మర్నాడు గంజి పెట్టిన తెల్లచొక్కా చేతి కింద, వెలిసిపోయిన నా నీలం పట్టీతోనే చర్చిలో ముందు వరసలో కూర్చున్నారు.

తర్వాత సముద్రం ఎన్నోసార్లు చూశాను. టీవీలో ఆ నలుగురి చర్చ ముగిసేసరికి చుక్క నుంచి ముల్లు చాలా దూరం వచ్చేసింది. ఎవరి నిమిషం ఎవరు తీసుకున్నారో చెప్పడానికి అక్కడ గంటా లేదు, అడిగే మనిషీ లేదు. మన రోజుల్లో ఓడిపోవడానికి కూడా ఒక పద్ధతి ఉండేది.