కాలిన జామాయిల్ తోట

నేను కాపురానికి వచ్చేనాటికి బూర్గంపాడు దాటాక అడవి అంచున ఉన్న మా చేనంతా పత్తి. అడవి పందులు, కోతులు పంట మిగలనివ్వడం లేదని విసిగిపోయి, మా ఆయన చేనులో సగానికి పైగా జామాయిల్ నాటాడు. అత్తయ్యకు ఆ చెట్టు మొదటినుంచీ గిట్టలేదు. దాని ఆకులు అంచులు ఎండకు తిప్పుకుని నిలువుగా వేలాడతాయి. మిట్టమధ్యాహ్నం కింద కూర్చుందామంటే నీడ నిలవదు. గడ్డి సరిగా మొలవదు. మేకలు కూడా వాసన చూసి పోతాయి. "నీడియ్యని చెట్టు గూడా ఒక చెట్టేనా" అనేది. జలుబు చేస్తే మాత్రం ఆ ఆకే తెమ్మని, మరిగే నీళ్లలో వేసి, దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టేది.

చెట్లు మా ఇంటికి రెండింతల ఎత్తు పెరిగిన ఏడు, ఎండాకాలంలో అడవి వైపు నుంచి నిప్పు వచ్చింది. ఎట్లా అంటుకుందో ఎవరికీ తెలియదు. రాలిన ఆకులో నూనె ఉంటుంది కదా, మంట వరుసల మధ్య పరుగులు పెట్టింది. పచ్చికొమ్మలతో కొట్టాం, మొహాలు కాలుతుంటే వెనక్కి వచ్చేశాం. సాయంత్రానికి ఆరిపోయింది, తగలబడటానికి ఇంకేమీ లేక. తెల్లగా నున్నగా ఉండే మొదళ్లు బొగ్గులా నిలబడ్డాయి. పైన ఆకు వేయించినట్టు ఎర్రబడి వేలాడింది. నాలుగైదు రోజులు ఊరంతా ఆవిరి పట్టిన వాసన.

చెట్లు కొట్టించే మేస్త్రీ వచ్చి కొడవలితో బెరడు గీరి చూశాడు. "ఇగ గివి లేవయ్ సార్. కొట్టేసి పొయ్యిల కట్టెలకు ఇచ్చుడే" అన్నాడు. మా ఆయన సరే అన్నాడు, ఆ రాత్రి అన్నం మాత్రం తినలేదు. అయితే అది బీడీలు చుట్టే తునికాకు కోతల కాలం. ఊళ్లో కూలికి వచ్చేవాళ్లంతా తెల్లవారకముందే అడవికి పోతున్నారు. వాళ్లు తీరిక చేసుకునే దాకా ఆగక తప్పలేదు.

ఆ ఆగిన రోజుల్లోనే ఒక పొద్దున, రాలిన ఎండుపుల్లలు ఏరుకుందామని అత్తయ్యా నేనూ తోటలోకి వెళ్లాం. ముందు నడుస్తున్న ఆమె ఆగిపోయింది.

"ఇటు రా బిడ్డా" అంది, గొంతు తగ్గించి.

మాడిన బెరడు నెర్రెలిచ్చి ఉంది. ఆ నెర్రెల్లోంచి, మొదలు దగ్గర నుంచి తలెత్తి చూడాల్సినంత ఎత్తు దాకా, గుత్తులు గుత్తులుగా ఎర్రటి చిగురు. వాన చుక్క పడలేదు. నేల పెంకులా ఉంది. పక్క చెట్టు చూశాం, దాని పక్కది చూశాం. వరుస పొడుగునా అన్నీ అంతే. ఆకులు వెడల్పుగా, గుండ్రంగా ఉంటే ఇవేవో వేరే మొక్కలేమో అనుకున్నాను. పెద్దచెట్టు ఆకు సన్నగా కొడవలిలా ఉంటుంది మరి. ఒకటి తుంచి నలిపాను. అదే వాసన.

అత్తయ్య అరచెయ్యి మానుకు ఆనించింది. "ఆకు లేదు, నీళ్లు లేవు. ఏం తిని బతికింది ఇది?" అంది. నన్ను అడిగినట్టు లేదు. బెరడు కింద మొగ్గలు నిద్రలో ఉంటాయని, పైకొమ్మలు పోతేనే లేస్తాయని తర్వాత నర్సరీవాళ్లు చెప్పారు. తెలిశాక కూడా నా ఆశ్చర్యం తగ్గలేదు.

మేస్త్రీ వచ్చి చూసి, కోత మాట ఎత్తకుండానే వెళ్లిపోయాడు. వానల్లో నల్లబెరడు పేలికలుగా ఊడి, కింద లేతపచ్చని నునుపు బయటపడింది. పూత వచ్చిన ఏడు తోటంతా తేనెటీగల రొద. అడవిలోని పల్లెవాళ్లు అడిగి తేనె తీసుకుని, మాకూ ఒక గిన్నెడు పోసి వెళ్లారు. తర్వాత కాగితం మిల్లుకు కొట్టించినప్పుడు మోళ్లు మళ్లీ చిగిర్చాయి. మోడుకు రెండు బలమైన పిలకలు ఉంచి మిగతావి తీసేశాం.

కిందటేడు చేని బావిలో నీళ్లు తగ్గుతుంటే, జామాయిల్ వేర్లే తాగేస్తున్నాయని దాని పక్క వరుస పీకించడానికి జేసీబీని పిలిచాం. ఒక మోడు ఎంతకీ కదల్లేదు. చుట్టూ తవ్వితే వేరు మొదట్లో బండలాంటి బుడిపె, దాని కింద తొడంత వేర్లు ఇంకా లోతుకు పోతున్నాయి. అత్తయ్య చెప్పులు విప్పి గట్టున పెట్టి, గుంతలోకి దిగి ఆ బుడిపెను తడిమింది. డ్రైవర్ ఇంజిన్ ఆపి, ఆమె పైకి వచ్చేదాకా ఆగాడు.

ఆ వరుస పీకించిన చోట ఇప్పుడు బొప్పాయి వేశాం. మిగతా తోట జోలికి ఎవరం పోలేదు.