‘ఎక్కడికే’ అన్నందుకు ఆగిన రాకెట్టు

నేను రాసిన సైన్స్ ఫిక్షన్ నవలలో ఒక అధ్యాయం తీసేస్తే అచ్చు వేస్తామని హైదరాబాదు నుంచి సంపాదకుడు ఫోన్ చేశారు. తీయకపోతే వేయరా అని అడిగాను. “అలా అని కాదమ్మా” అన్నారు. మరెలా అని? ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పేదాన్ని, నాన్చుడు సమాధానం వింటే నాకు మార్కులు కోసేయాలనిపిస్తుంది.

నవల సంగతి ముందు చెప్పాలి. రాబోయే రోజుల్లో కళింగపట్నం తీరాన రాకెట్లు ఎగిరే కేంద్రం ఒకటి వస్తుంది. పైలట్ అయి తీరతానని ఇంటిల్లిపాదితో పోట్లాడి గెలిచిన ఒక అమ్మాయి, తొలిసారి ఒంటరిగా చంద్రుడి మీది స్థావరానికి సరుకు తీసుకెళ్ళాలి. ఎగిరేముందు ఇంట్లోవాళ్ళతో మాట్లాడనిస్తారు. వాళ్ళ మామ్మ తెర మీదికొచ్చి, అలవాటు కొద్దీ “ఎక్కడికే?” అనేస్తుంది. బయల్దేరే మనిషిని మా వైపు ఆ మాట అడగకూడదు. అడిగితే ఆ మనిషి వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. మా అమ్మాయి కౌంట్‌డౌన్ ఆపించి సరిగ్గా ఆ పనే చేస్తుంది.

“సైన్స్ నవలలో మూఢనమ్మకం ఏమిటమ్మా? పిల్లలకి ఏం నేర్పుతున్నట్టు?” అని సంపాదకుడి బాధ.

“నేర్పడానికి నాకు కాలేజీ ఉందండీ. జీతం కూడా ఇస్తున్నారు. ఇది నవల.”

ఆ అధ్యాయం నేను గాల్లోంచి తీయలేదు. మా అక్క కూతురు రాజాంలో మా ఇంట్లో ఉండి చదువుకుంటోంది. దానికి పైలట్ పిచ్చి. శిక్షణలో చేరేముందు చేయించుకోవాల్సిన వైద్య పరీక్షకి దాన్ని ఒకరోజు విశాఖపట్నం తీసుకెళ్తున్నాను. కళ్ళలోనో చెవుల్లోనో చిన్న తేడా ఉన్నా దాని కల అక్కడితో సరి. పిల్ల రెండు రోజులుగా అన్నం సరిగా తినలేదు. చెప్పులు వేసుకుని గుమ్మం దిగామో లేదో, పెరట్లోంచి వస్తున్న మా అత్తగారు “ఎక్కడికే పిల్లా, పొద్దున్నే?” అనేశారు. అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

“అయ్యో, నా నోరు పడిపోను! అడగకూడని మాట అడిగీసినాను. ఎనక్కి రాయే, కాసేపు కూకో. నీల్లు తాగి ఎల్దువుగాని.”

“ఏటి మామ్మా నువ్వు! బస్సు ఎలిపోతాది.”

“పోతే పోనీ, ఇంకోటి వస్తాది. నీకు ఇమానం కావాలా, బస్సు కావాలా?”

“పిన్నీ, నువ్వైనా సెప్పవే! ఫిజిక్స్ సెప్తావు కదా!”

నేను అత్తగారి ముఖం చూశాను. పరీక్షలో ఏదైనా తేడా వస్తే, అది తన నోటి వల్లేనని బతికినన్నాళ్ళూ కుమిలిపోయే మనిషి ఆవిడ. అది పిల్లకీ తెలుసు. విసుక్కుంటూనే చెప్పులు విప్పింది, అరుగు మీద కూలబడింది, గ్లాసుడు నీళ్ళూ గటగటా తాగింది. “సాలా?” అంది. “సాల్లే, ఎల్లు” అన్నారు ఆవిడ. బస్సు పోయింది. తరవాతి బస్సులో చీపురుపల్లి దాకా నిలబడే వెళ్ళాం. పరీక్ష అయింది, పాసయింది. పాసయింది నీళ్ళు తాగినందుకు కాదు, కళ్ళూ చెవులూ బాగున్నందుకు. ఆ తేడా మా ఇంట్లో అందరికీ తెలుసు, అత్తగారితో సహా.

వారం తర్వాత సంపాదకుడు మళ్ళీ ఫోన్ చేశారు. ఈసారి గొంతులో హుషారు. “ఒక ఉపాయం ఉందమ్మా. నీళ్ళు తాగడానికి ఆగిన ఆ కాసేపట్లోనే ఇంజన్‌లో లోపం బయటపడుతుంది. అమ్మాయి ప్రాణం దక్కుతుంది. అప్పుడు ఆ ఆచారానికి ఒక అర్థం ఉంటుంది.”

“అప్పుడు అసలైన మూఢనమ్మకం అవుతుందండీ” అన్నాను. “మామ్మ నోటి మాటకీ ఇంజన్‌కీ నేను ముడిపెట్టలేదు, మీరు పెడుతున్నారు. నా రాకెట్లో ఏ లోపమూ లేదు. ఏమీ బయటపడదు. ఆ పిల్ల ఆగింది మామ్మ కోసం. అంత పెద్ద యంత్రాన్ని ఆపగల అధికారం చేతికొచ్చాక, దాన్ని తొలిసారి వాడింది ఒక ముసలావిడ మనసు కుదుటపడడానికి. అదీ పైలట్ అంటే. రాయడానికి నాకు ఇంతకంటే కారణం అక్కర్లేదు.”

ఆలోచించి చెప్తానన్నారు. ఫోన్ పెట్టేసి చూస్తే అక్క కూతురు నా రాతప్రతి ముందేసుకుని నవ్వుతోంది.

“ఏటే ఆ నవ్వు?”

“నీ పైలట్ సీట్లోంచి లేచి, మల్లీ వచ్చి కూకుందని రాసీసినావు. బెల్టులన్నీ బిగించీసి ఎల్లకిలా పడుకోబెట్టీసినాక ఎలా లేస్తాది పిన్నీ? అంతకుముందే కూకుని ఉంది కదా, ఇంకెక్కడ కూకుంటాది?”

నిజమే. సంపాదకుడికి మూఢనమ్మకం కనబడింది గాని ఇది కనబడలేదు. ఆ రాత్రే దిద్దాను. ఇప్పుడు ఆ అమ్మాయి ఒకే ఒక్క బెల్టు విప్పుతుంది, గొట్టంతో నీళ్ళు పీలుస్తుంది, మళ్ళీ బిగించుకుంటుంది. మామ్మ తెర మీద చూసి తలూపుతుంది.

సంపాదకుడు మూడోసారి ఫోన్ చేసినప్పుడు ముందే చెప్పేశాను: ఆ అధ్యాయం లేకుండా వేస్తానంటే రాతప్రతి వెనక్కి పంపించేయండి, నేనే ఎక్కడైనా వేయించుకుంటాను అని. “చదివిన పిల్లలు ఇదెందుకని అడిగితే?” అన్నారు ఆయన.

“అడగనివ్వండి. ఎందుకని అడిగే పిల్లల కోసమే కదా రాసింది!”

ఒప్పుకున్నారు. కాకపోతే ఆ తరవాతి అధ్యాయంలో చంద్రుడి వర్ణన మరీ సాగిందన్నారు. తీసి చదివాను. సాగింది. రెండు పేజీలు కొట్టేసి పంపాను.