ఫోటో లేని మేక

బొంజుబాబు పొద్దున్నే జావ తాగి, గొడుగు చంకన పెట్టుకుని, ఊరి పైనున్న బండ ఎక్కుతాడు. డుంబ్రిగుడ దాటాక ఆ చుట్టుపక్కల సిగ్నల్ వచ్చేది అక్కడొక్కచోటే, అందుకని ఊళ్లో ఫోనున్నవాళ్లంతా ఆ బండ మీదే కూర్చుంటారు. ముందు కండువాతో ఫోను తుడుస్తాడు. తర్వాత రైతుల గ్రూపులో ఆ రోజు రూల్సేమిటో పెదాలు కదుపుతూ రెండుసార్లు చదువుతాడు. గ్రూపు అడ్మిన్ వీరభద్రరావుకి సంతలో ఎరువుల కొట్టుంది. బేరాలు లేనప్పుడల్లా ఆయనకొక కొత్త రూలు తడుతుంది. గుడ్ మార్నింగ్ పెట్టనివాళ్లని తీసేస్తానని సోమవారం అన్నాడు. మంగళవారం పెట్టినవాళ్లని తీసేశాడు.

ఆ వారమే బొంజుబాబు మేక తప్పిపోయింది. గ్రూపులో అడిగితే, ఫోటో లేని పోస్టు చెల్లదన్నారు. లేని మేకకి ఫోటో ఎలా తియ్యాలో రాత్రంతా ఆలోచించి, దాన్ని కట్టేసే గుంజని ఫోటో తీసి తెచ్చాడు. అప్పటికి ఫోటోలు బందయ్యాయి, వాయిస్ మెసేజీలే పెట్టాలట. మర్నాడు గొంతు సవరించుకుని, అచ్చం తన మేకలాగే అరిచి పంపాడు. బండ మీద పక్కనే కూర్చున్న పొరుగింటి కనక దాన్ని తన ఫోన్లో రెండుసార్లు వింది.

"అదే గొంతు బావా. మూడ్రోజుల్నుంచి మా రాజ్మా మడిలోనే మేస్తంది."

"మరి సెప్పలేదేటి?"

"జవాబులు శుక్రవారమే పెట్టాలన్నారు గదా."

బొంజుబాబు గాభరాగా చుట్టూ చూశాడు.

"మెల్లగా సెప్పు కనకా. ఇయ్యాల గురువారమే."