గీజర్ గడియారం వెనకబడిన చలికాలం

అబుదాబి పక్కన ముసఫ్ఫా షాబియాలో మేమున్న విల్లా ఒకప్పుడు ఒకే కుటుంబం కోసం కట్టినది. తర్వాత అడ్డుగోడలు లేపి నాలుగు వాటాలు చేశారు. కింది వాటా అక్కా బావలది. వాళ్ళ హాల్లో ప్లైవుడ్ అడ్డం పెట్టి చేసిన గది నాది. ఐకాడ్ పారిశ్రామికవాడలో బావ పనిచేసే ఫ్యాక్టరీలోనే నేను ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో ఉండేవాణ్ణి. కోవిడ్ ఆంక్షలు సడలి, ఊరి నుంచి మనుషులు మళ్ళీ రావడం మొదలైన చలికాలం అది.

వాటాలు నాలుగైనా మెయిన్ స్విచ్ ఒక్కటే. నాలుగు గీజర్లూ ఒకేసారి వేస్తే అది పడిపోయేది. అందుకని యజమాని నడవలో ఒక ఇనప పెట్టె బిగించి, గీజర్‌కొక టైమర్ పెట్టించాడు. మా వంతు తెల్లవారుజామున. ఎవరూ ఏదీ వాడని వేళలో ట్యాంకు నీళ్ళు కాగి, పొద్దున్న స్నానాల దాకా వేడిగా నిలవుండేవి. పెట్టెకి అద్దం తలుపు, తలుపుకి తాళం, తాళంచెవి నాతూర్ జేబులో. నాతూర్ అంటే ఇక్కడ వాచ్‌మన్. మా నాతూర్ పెషావర్ వైపు పఠాన్.

అక్కకి ఆపరేషన్ చేసి పాపని తీశారు. నేల మీద కూర్చోకూడదు, వంగకూడదు అన్నారు. పాపకి నీళ్ళు పోయడానికి అమ్మ ఏలూరు నుంచి విజిట్ వీసా మీద వచ్చింది. పెట్టెలో సున్నిపిండి, నువ్వుల నూనె, సాంబ్రాణి, పాత మెత్తటి చీరలు. తన బట్టలకి మిగిలింది ఒక మూల మాత్రమే.

రోజూ ఉదయం, బావా నేనూ ఫ్యాక్టరీ బస్సెక్కి వెళ్ళిపోయాక, అమ్మ బాత్రూంలో పీట వేసుకుని, కాళ్ళు చాపి, పాపని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని స్నానం చేయించేది. తర్వాత సాంబ్రాణి పొగ. బొగ్గుల కోసం బెంగపడుతుంటే, పక్క బకాలా కొట్లో అరబ్బులు బఖూర్ ధూపానికి వాడే గుండ్రటి బొగ్గు బిళ్ళలు చూపించాను. అగ్గిపుల్ల ముట్టిస్తే చాలు, రాజుకుంటాయి. "ఇంత సుఖం ఉంటే మన ఊళ్ళో ఎందుకమ్మరురా ఇవి!" అని అమ్మ ఒకేసారి డజను పొట్లాలు కొనిపించింది.

మొదటి వారం అంతా బాగానే ఉంది. తర్వాత నీళ్ళు గోరువెచ్చనయ్యాయి. ఇంకొన్నాళ్ళకి చల్లబడ్డాయి. పాప వణికి ఏడ్చిందని అక్క చెప్పింది. వంటగది నాలుగు వాటాలకీ ఉమ్మడి. పొద్దున్నపూట నాలుగు పొయ్యిల మీదా టిఫిన్ బాక్సుల వంటలే. అయినా ఒకరోజు అమ్మ గిన్నెలో నీళ్ళు కాచి తెస్తుంటే నడవలో కాలు జారింది. అదృష్టం కొద్దీ నీళ్ళు గోడ మీద పడ్డాయి. ఆ సాయంత్రం బావ మెల్లిగానే అన్నాడు.

"అత్తయ్యగారూ, పాప ఇంకోసారి వణికిందంటే స్నానం ఆపేద్దాం. తడిబట్టతో తుడిస్తే చాలని డాక్టరే చెప్పాడు."

అమ్మ పప్పు వడ్డిస్తూనే ఉంది. చేతులు కడుక్కునేటప్పుడు మాత్రం నాతో, "తుడవడానికైతే నేనెందుకురా విమానం ఎక్కి రావడం? తుడిచే కాగితాలు ఇక్కడ కొట్లో దొరుకుతాయిగా" అంది.

ఆ మాట విన్నాక నేను ఊరుకోలేదు. అనుమానాలన్నీ వరసగా పెట్టుకున్నాను. హీటర్ కాయిల్ పోయిందా అంటే సాయంత్రం మేం వచ్చేసరికి నీళ్ళు మండుతున్నాయి, కాబట్టి కాదు. థర్మోస్టాట్ కూడా అందుకే కాదు. వైరు వదులైతే వేడి ఒక పద్ధతి లేకుండా వస్తుంది, ఇది పద్ధతిగానే ఆలస్యమవుతోంది. ఇక మిగిలింది టైమర్. దాన్ని పట్టుకోవాలంటే మీటర్ చూడాలి. మా వాటా చిన్న మీటర్ మీద ఒక ఎర్ర దీపం ఉండేది. మామూలుగా అది తీరిగ్గా మిణుకుమనేది. గీజర్ పనిచేస్తుంటే మాత్రం ఊపిరాడనట్టు కొట్టుకునేది.

ఆదివారాలు బావా నేనూ పొద్దున్నే చేపల మార్కెట్‌కి వెళ్ళేవాళ్ళం. ఆ ఆదివారం బావని ఒక్కణ్ణే పంపి, నడవలో కుర్చీ వేసుకున్నాను. ఎండ గుమ్మం దాకా వచ్చినా మీటర్ దీపం తీరిగ్గానే ఉంది. అద్దంలోంచి టైమర్ చూశాను. బయట సూర్యుడు పైకొచ్చేశాడు, డయల్ మీద మాత్రం ఇంకా అర్ధరాత్రే. లోపల అమ్మ నీళ్ళలో చెయ్యి పెట్టి చూసి, నిట్టూర్చి, గబగబా స్నానం ముగించింది. పాప ఏడుపు నడవలోకి వినిపించింది. కాసేపటికి సాంబ్రాణి వాసన కూడా వచ్చింది.

ఇంతలో నా నెత్తిమీద పొగ అలారం మోగింది. ఆ వెంటనే మీటర్ దీపం ఆరిపోయింది, లోపలి గదులన్నీ చీకటయ్యాయి. చెప్పులు టపటపలాడించుకుంటూ నాతూర్ వచ్చాడు.

"క్యా హువా భాయ్?" అన్నాను.

"క్యా హోగా! రోజ్ కా కామ్ హై. ఆప్‌కీ అమ్మీ బచ్చీ కో ధువా దేతీ హై, యే చిల్లాతా హై. ముదీర్ కా ఆర్డర్ హై, అలారం బజే తో పహలే మెయిన్ బంద్, ఫిర్ హర్ కమ్రా చెక్. చెక్ ఖలాస్, తో బిజ్లీ చాలూ."

అంటే ముదీర్, అదే మేనేజర్, ఆర్డర్ ప్రకారం రోజూ పొగ లేచినప్పుడల్లా మెయిన్ ఆపి, నాలుగు వాటాల తలుపులూ తట్టి, అందరూ తీసేదాకా నిలబడి, చూసి, అప్పుడు కరెంటు వేసేవాడన్నమాట. టైమర్‌కి బ్యాటరీ లేదు. కరెంటు లేనంతసేపూ దాని గడియారం ఆగిపోయేది, వచ్చాక ఆగినచోటు నుంచే నడిచేది. మా తెల్లవారుజాము రోజుకి కాస్త చొప్పున మధ్యాహ్నం వైపు జరిగిపోయింది. అమ్మ వేసే పొగే అమ్మ నీళ్ళని చల్లబరుస్తోంది.

లోపలికి వెళ్ళి అడిగాను. "అమ్మా, రోజూ స్నానం కాగానే కరెంటు పోతోందా?"

"పోతుంది" అంది అమ్మ, పాప తల ఆరబెడుతూ. "ముందు కూత వస్తుంది, తర్వాత కరెంటు పోతుంది."

"మరి చెప్పలేదేం?"

"కరెంటు పోవడం కూడా ఒక వార్తేనట్రా? పోతుంది, వస్తుంది. మనింట్లో ఎన్నిసార్లు పోయేది, నీకు ఫోన్ చేసి చెప్పానా?"

"ఆ కూత ఏమిటనుకున్నావు?"

"మన జూట్ మిల్లు కూతలాంటిదే అనుకున్నాను. మీకిక్కడ అన్నీ ఫ్యాక్టరీలేగా. షిఫ్టు మారిందేమో అనుకున్నా."

మంచం మీద అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. కుట్లు లాగుతున్నాయని ఏడుపు మొహం పెట్టి, మళ్ళీ నవ్వింది. "నేనేమో నిద్రమత్తులో, పైవాటా వాళ్ళు చేపలు వేయించే పొగకి మోగుతోందనుకునేదాన్నిరా!"

టైమర్ సంగతి వివరంగా చెప్పాక, తల ఆరబెడుతున్న అమ్మ చెయ్యి ఆగింది. "అయితే పాప వణికింది నా మూలానా?" అంది. పక్కన ధూపం గిన్నె ఇంకా పొగలు కక్కుతోంది. దాని మీద మూత పెట్టేసింది. "పోనీ, సాంబ్రాణి మానేద్దాం. నీళ్ళు వేడిగా ఉంటే అదే పదివేలు" అంది కానీ, పాప తల్లో వేళ్ళు పోనిచ్చి వాసన చూస్తూనే ఉంది.

అడిగితే నాతూర్ తాళం తీసి, నేను నాలుగు డయల్స్‌నీ అసలు సమయానికి తిప్పుతుంటే పక్కన నిలబడ్డాడు. మర్నాడు నీళ్ళు కాగాయి. పాప ఏడవలేదు. కానీ సాయంత్రం మేం బస్సు దిగి వచ్చేసరికి అమ్మ బయట ఆవరణలో, గేటు దగ్గర నాతూర్ స్టూలు మీద కూర్చుని ఉంది. ముందు ధూపం గిన్నె. దాని మీద పాప తువ్వాలుని గొడుగులా పట్టుకుని అటూ ఇటూ తిప్పుతోంది. నాతూర్ గాలికి అడ్డంగా ఒక అట్టముక్క పట్టుకున్నాడు.

"ఇదేమిటండీ?" అన్నాడు బావ.

"రేపటికి బాబూ" అంది అమ్మ. "మీ గీజరు నీళ్ళు దాచిపెడుతుంది కదా, నేను పొగ దాచిపెడుతున్నా." తువ్వాలుని నాలుగు మడతలు వేసి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి బిగించింది. మర్నాడు స్నానం కాగానే ఆ తువ్వాలు పాప తలకి చుట్టింది. అలారం కూయలేదు, కరెంటు పోలేదు. బావ ఆ తర్వాత స్నానం ఆపుదామని ఎప్పుడూ అనలేదు.

వీసా అయిపోయే రోజులు దగ్గరపడ్డాయి. అక్క ఇంకా నేల మీద కూర్చోలేదు. అమ్మ వెళ్ళాక ఎవరు పోస్తారన్న మాట ఎవరూ ఎత్తడం లేదు. ఒక ఆదివారం బావ మార్కెట్‌కి వెళ్ళకుండా, లుంగీ మోకాళ్ళ దాకా మడిచి, బాత్రూంలో పీట మీద కూర్చున్నాడు. అల్లుడి కాళ్ళు చూడలేక అమ్మ తలుపు బయట, గోడ వైపు తిరిగి నిలబడి పాఠం చెప్పింది.

"మడమలు దగ్గరగా పెట్టుకోండి. తల మీ పాదాల వైపు. ముక్కు మీద నీళ్ళు పడకుండా చెయ్యి అడ్డం పెట్టండి. పెట్టారా?"

"పెట్టానండీ."

"ఒరేయ్, నువ్వు చూసి చెప్పు. పెట్టారా?"

"పెట్టాడమ్మా. బావ కాళ్ళ మీద ఇంకో పాపకి కూడా చోటుంది."

"నోరు ముయ్యి వెధవా" అంది అమ్మ, గోడ వైపు నవ్వుతూ.

ఆ విల్లా ఇప్పుడు ఖాళీ చేసేశాం. టవర్‌లో ఫ్లాట్, ఏ వేళ తిప్పినా వేడినీళ్ళు. టైమర్ లేదు, ఎర్ర దీపం ఎక్కడుంటుందో కూడా నాకు తెలీదు. పాప షవర్ కింద తనంతట తానే గెంతుతుంది. ఎప్పుడైనా నా ఆఫీసులో ఫైర్ డ్రిల్ సైరన్ మోగితే, అందరితో పాటు మెట్లు దిగుతూ, పాప స్నానం అయిపోయింది, ఇక కరెంటు పోతుంది అనుకుంటాను.

ఆ చలికాలం, అమ్మ ఊరికి వెళ్ళిన మర్నాడు, ఆ పాత విల్లాలోనే బావే నీళ్ళు పోశాడు. నేను వీడియో కాల్ చేసి ఫోన్ పాప మీదికి తిప్పాను. ఏలూరులో అమ్మ తన ఫోన్‌ని పక్కన వెల్లకిలా పెట్టేసింది. తెర మీద సీలింగ్ ఫ్యాన్ మాత్రమే కనిపించింది.

"లుంగీ దించుకున్నారా?" అని గొంతు వినిపించింది.

"దించుకున్నానండీ. తువ్వాలు కూడా చుట్టాను" అన్నాడు బావ.

ఫ్యాన్ తిరగడం నెమ్మదించి ఆగిపోయింది. "ఇక్కడ కరెంటు పోయిందిరా" అంది అమ్మ, ఈసారి వార్త చెబుతున్నట్టు.