ఇద్దరు వాయించిన అకార్డియన్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. తెలియనివన్నీ వయసుతోపాటు ఒక్కొక్కటిగా వచ్చాయి. రెండువేల అయిదు ప్రాంతంలో దుబాయ్ జెబెల్ అలీలో ఓ కంపెనీలో నేను టైమ్‌కీపర్ని. క్యాంపులో నా గదిలోనే నెల్లూరు వైపు అన్నదమ్ములిద్దరు వెల్డర్లుండేవారు. పెద్దోడిది హార్మోనియం, చిన్నోడిది డోలక్. శుక్రవారం సెలవునాడు జరిగే మా క్రైస్తవ ప్రార్థనలో వాళ్లు వాయిస్తుంటే పక్క గదుల్లోని ముస్లిం కుర్రాళ్లు కూడా గుమ్మంలో నిలబడి వినేవారు. అలాంటిది, చిన్నోడు అన్నకు చెప్పకుండా షార్జాలోని సజ్జా క్యాంపుకెళ్లి వేరే బృందానికి డోలక్ వాయించొచ్చాడు. అంతే, ఖలాస్. ఇద్దరికీ మాటల్లేవు. పెద్దోడిది కింది మంచం, చిన్నోడిది పై మంచం. "ఆ ఫ్యాను తగ్గించమని వాడితో చెప్పు భాయ్" అంటూ మధ్యలో నాతో రాయబారం.

మా ముదీర్, అంటే మేనేజరు, టెక్సాస్ వాడు, మెక్సికో మూలాలవాడు. కాంట్రాక్టు ముగిసి ఇంటికి వెళ్లిపోయే వారంలో మా గదికొచ్చి పెట్టె తెరిచాడు. అందులో బటన్ల అకార్డియన్. పత్తి చేలల్లో కూలికెళ్లిన వాళ్ల తాతలు అక్కడి జర్మన్ల దగ్గర దీన్ని చూసి, పన్నెండు తీగల గిటారు జతచేసి, పెళ్లిళ్లలో మొదలుపెట్టి రికార్డుల దాకా తెచ్చారట. ఇది వాయించింది వాళ్లన్న, గిటారు ఈయన. అన్న పోయాక దీన్నెవరూ ముట్టలేదు. "వెళ్లేలోగా ఒక్కసారి దీని గొంతు వినాలి" అన్నాడు పెద్దోడితో.

"ఇదేముంది, మన హార్మోనియమేగా!" అని నేను దాన్ని బల్లమీద పడుకోబెట్టించాను (అకార్డియన్‌ను ఒక్కసారి దూరం నుంచి చూసిన అనుభవం నాది). ఈ పట్టీలెందుకని పెద్దోడడిగితే "మోసుకెళ్లడానికి" అన్నాను. జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో బటన్లు నొక్కితే, గాలి కొట్టడానికి పెద్దోడికి చెయ్యి మిగల్లేదు. అందరూ చిన్నోడి వంక చూశారు. వాడు పై మంచం దిగొచ్చి రెండో కొస పట్టుకున్నాడు.

చిక్కేమిటంటే, అందులో ఒకే బటను లాగితే ఒక స్వరం, నెడితే ఇంకో స్వరం. "లాగమని చెప్పు భాయ్ వాడికి" అంటాడు పెద్దోడు. నేను చెప్పేలోగా పాట ముందుకెళ్లిపోయేది. "నెట్టమను" అంటే మళ్లీ అదే తంతు. చివరికి పెద్దోడు నన్ను పక్కకు తోసి, "లాగరా ఎదవా! ఇప్పుడు నెట్టు! ఏందా నిద్ర?" అని అరిచాడు.

"ముందే చెప్పాల గదన్నా!" అన్నాడు చిన్నోడు.

తర్వాత తడబడుతూనే ఓ ప్రార్థన గీతం మొదటి నుంచి చివరిదాకా వచ్చింది. ముదీర్ గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

ఆ పట్టీలు భుజాలకు తగిలించుకోవడానికని కారు దగ్గర ఆయనే చెప్పాడు. అప్పుడే చెప్పొచ్చుగా అన్నాను. "మా అన్న కూడా నన్నిలాగే తిట్టేవాడు. మధ్యలో ఎలా ఆపను?" అన్నాడు.

ఇప్పటికీ టీవీలో ఎవరైనా అకార్డియన్ ఒక్కరే వాయిస్తుంటే, ఎంత బాగా వాయించినా, పాపం తిట్టడానికి పక్కన మనిషి లేడే అనిపిస్తుంది.