మాలలో ఉన్న సాక్షి

కొత్త జిల్లాలు ఏర్పడి ఐదేళ్ళు నిండిన ఏడాది, వరి కోతలు మొదలవుతుండగా, నన్ను భూపాలపల్లి జిల్లా ఘనపూర్ నుంచి జనగామ జిల్లాలోని ఒక మండలానికి తహసీల్దారుగా బదిలీ చేశారు. మండలం పేరు రాయను. నేను చెప్పబోయే మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు, వాళ్ళలో ఒకడు ఇప్పటికీ అదే ధీమాతో తిరుగుతున్నాడు. ఘనపూర్ అనగానే కొత్త ఆఫీసులో అందరూ ఈ జిల్లాలోనే ఉన్న లింగాల ఘనపూర్ అనుకున్నారు. పక్కనుంచి వచ్చినదానికి సామాను సర్దుకోవడానికి ఇన్ని రోజులెందుకని సీనియర్ అసిస్టెంటు అనుమానపడ్డాడు.

తహసీల్దారంటే భూములు, పాసుపుస్తకాలు, కులం సర్టిఫికెట్లు అనే చాలామందికి తెలుసు. ఆ కుర్చీకి ఇంకో పని ఉంది. మండలానికి ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు కూడా తహసీల్దారే. ఫలానావాళ్ళ వల్ల ఊళ్ళో శాంతి చెడుతుందని పోలీసులు నివేదిక పంపితే, అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ నూట ఏడో సెక్షన్ కింద వాళ్ళను పిలిపించి, గొడవలకు పోమని ఏడాదికి మించని గడువుతో, జామీనుదారులతో బాండు రాయించుకోవాలి. జనం నోట్లో దాని పేరు బైండోవర్. చట్టంలో నోటీసు, విచారణ, ప్రమాణం మీద సాక్ష్యం అన్నీ ఉన్నాయి. వాడుకలో అవేవీ లేవు. పండుగ ముందు కానిస్టేబుల్ ఒక గుంపును తోలుకొస్తాడు, వరండాలో నిలబడి సంతకాలు పెడతారు, టీ తాగి వెళ్తారు. రెండు వర్గాలుంటే రెండింటినీ ఒకే కాగితం మీద కట్టేస్తారు. ఎవరు కొట్టారు, ఎవరు దెబ్బలు తిన్నారు అని ఎవరూ అడగరు. దీనికి ‘బాలెన్స్’ అని ముద్దుపేరు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేను చేరిన వారంలోనే అలాంటి నివేదిక ఒకటి వచ్చింది. ఒకవైపు రాజలింగం, జనగామలో ప్రైవేటు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే లెక్చరర్, నాస్తికుడు. రెండోవైపు శ్రీధర్, ఊళ్ళో ఎరువుల దుకాణం నడిపే మనిషి, అతని వెంట తిరిగే ముగ్గురు. ఈ నలుగురూ ఒక ఆశ్రమానికి భక్తులమని చెప్పుకునేవాళ్ళు. ఊళ్ళో ఎవరు ఏ పండుగ ఎట్లా చేయాలో, ఎవరి ఇంటికి ఎవరు పోవాలో వాళ్ళే చెప్పేవాళ్ళు. ‘ఇరువర్గాల మధ్య మతపరమైన విద్వేషం’ అని రాశాడు ఎస్సై.

రాజలింగం చేసిన విద్వేషం ఏమిటంటే, ఆదివారాల్లో స్కూటర్ మీద ఊళ్ళకు వెళ్ళి, పంచాయతీ ఆఫీసు ముందు నిలబడి, ఖాళీ చేతిలోంచి విభూతి తీసి చూపించి, అది వేళ్ళ సందులో ఎట్లా దాచాడో చెప్పడం. దేవుణ్ణి తిట్టేవాడు కాదు. ఎవరైనా తిడితే విని, వచ్చే ఆదివారం మళ్ళీ వచ్చేవాడు. శ్రీధర్ వాళ్ళ ఊళ్ళో రేణుక అనే బీడీలు చుట్టే మనిషి కూతురు మౌనికకు మూర్ఛలు. తొమ్మిదో తరగతి పిల్ల. జనగామ పెద్ద దవాఖానలో ఇచ్చిన గోళీలతో ఏడాదిగా మూర్ఛ రాలేదు. అప్పుడు ఆశ్రమం నుంచి మాట వచ్చింది: మండలం రోజులు తీర్థం తాగాలి, ఆ నలభై రోజులూ గోళీలు ముట్టకూడదు, ముడితే తీర్థం పనిచేయదు. రాజలింగం రేణుక ఇంటికి వెళ్ళి చెప్పింది ఒక్క మాటే. “తీర్థం తాగిపియ్యమ్మా, తాయెత్తు కట్టు, మొక్కు మొక్కు. గోళీ మాత్రం ఆపకు.” ఇంటి బయటికి రాగానే శ్రీధర్ మనుషులు అతన్ని కర్రలతో కొట్టారు. భుజం ఎముక చిట్లింది.

అతను ఫిర్యాదు ఇవ్వలేదు. మొదటి వాయిదాకు చేతికి పట్టీతో వచ్చినప్పుడు ఎందుకివ్వలేదని అడిగాను. “కేసు పెడితే వాళ్ళు నా మాట ఇంక ఇనరు మేడం. నేను వాళ్ళతోని మాట్లాడాలె” అన్నాడు. కొట్టినవాళ్ళ మీద వచ్చిన కోపం కాస్త అతని మీదికీ మళ్ళింది. ఎముక చిట్లినవాడు మెత్తగా మాట్లాడుతుంటే, కొట్టినవాళ్ళు వరండాలో పళ్ళికిలించుకుంటూ సెల్‌ఫోన్లు చూసుకుంటున్నారు. ఎస్సై నా దగ్గరికి వచ్చి, “ఇద్దర్నీ కట్టెయ్యుర్రి మేడం, ఊరు సల్లగుంటది” అన్నాడు. ఆర్డీవో ఆఫీసు నుంచి కూడా అదే సలహా వచ్చింది. ఆర్డీవో అంటే డివిజన్‌లో నాకు పై అధికారి.

నేను సంతకాలు తీసుకోలేదు. ఎవరి మీద ఏ ఆరోపణ ఉందో రాసి నూట పదకొండో సెక్షన్ కింద ఉత్తర్వు చదివి వినిపించాను. చదివినప్పుడు ఎవరూ ఒప్పుకోలేదు కాబట్టి విచారణకు వాయిదా వేశాను. సాక్షులకు సమన్లు అందాలి, ఎదుటివాళ్ళు వకీలును పెట్టుకోవాలి, అందుకని చట్టం కొంత వ్యవధి ఇవ్వమంటుంది. రెండు వారాలు ఇచ్చాను.

ఆ రెండు వారాల్లో ఎస్సై తన బుద్ధి తాను చూపించాడు. విచారణ అయ్యేదాకా ఊళ్ళో అడుగు పెట్టొద్దని రాజలింగానికి నోటిమాటగా హుకుం వేశాడు. శ్రీధర్‌కు అట్లాంటి హుకుం లేదు, అతనిది ఆ ఊరే కదా! నాకు చెప్పలేదు, కాగితం మీద పెట్టలేదు. రాజలింగం చట్టాన్ని గౌరవించే మనిషి, పోలీసు చెప్పాడని ఆగిపోయాడు. రేణుక ఇంటికి వెళ్ళి గోళీల మాట ఎత్తే ఒకే ఒక్క మనిషి అట్లా దూరమయ్యాడు. గోళీలు ఆగిపోయాయి. మౌనిక పొయ్యి ముందు కూర్చుని అన్నం వారుస్తుండగా మూర్ఛ వచ్చి మంటలో పడింది. ఎడమచెయ్యి కాలింది.

విచారణ రోజు పొద్దున ఈ సంగతి తెలిసి నేను ఎస్సైని అడిగాను, ఏ సెక్షన్ కింద ఒక పౌరుణ్ణి ఊళ్ళోకి రావద్దన్నావని. ఆడమనిషినని కాస్త గొంతు తగ్గిస్తాననుకున్నాడేమో, తగ్గించలేదు. ఆఫీసంతా విన్నది.

ఇట్లాంటి విచారణలో ఎదుటి పార్టీ చేత బలవంతంగా సాక్ష్యం చెప్పించకూడదు. తనకు తాను కోరుకుంటేనే చెప్పవచ్చు. శ్రీధర్ కోరుకున్నాడు. ప్రమాణం చేయమంటే దేవుని సాక్షిగా అని ఉత్సాహంగా చెయ్యెత్తాడు. రాజలింగమే బూతులు తిట్టాడనీ, తాము ఎవరినీ ముట్టలేదనీ, అతను స్కూటర్ మీది నుంచి పడ్డాడనీ గడగడా చెప్పాడు. గొంతు ఒక్కచోట కూడా తడబడలేదు. తర్వాత రాజలింగం వంతు. చట్టం ప్రకారం దేవుని పేరు లేకుండా కూడా ప్రమాణం చేయవచ్చు. అతను అట్లాగే చేసి, జరిగింది చెప్పి, చివర్లో ఎవరి మీదా తనకు పగ లేదన్నాడు.

అప్పుడు శ్రీధర్ తన పెద్ద అస్త్రం తీశాడు. తన ముగ్గురిలో ఒకడు రవి, ఆటో నడుపుతాడు, రేణుకకు తమ్ముడు. మాల వేసుకుని ఉన్నాడు. నల్లబట్టలు, బోసికాళ్ళు, నుదుట విభూతి. దీక్షలో ఉన్నవాడు అబద్ధమాడడని ఊరందరి నమ్మకం, మాలలో ఉన్న సాక్షిని తహసీల్దారు కూడా కాదనలేదని శ్రీధర్ లెక్క. “మా రవిస్వామి చెప్తడు మేడం, ఇంక మీరే ఆలోచించుర్రి” అన్నాడు.

రవి ముందుకు వస్తుంటే రాజలింగం పక్కకు జరిగి, “రా స్వామీ” అని చోటిచ్చాడు. దీక్షలో ఉన్నవాణ్ణి ఎవరైనా స్వామీ అనే పిలుస్తారు. కానీ తన ఎముక చిట్లేలా కొట్టినవాణ్ణి, దేవుడే లేడనే మనిషి, వెటకారం లేకుండా అట్లా పిలవడం నేను చూశాను.

గుమాస్తా ప్రమాణం చదివించాడు. ‘దేవుని సాక్షిగా’ దగ్గర రవి ఆగిపోయాడు. మళ్ళీ చదివించాడు. మళ్ళీ ఆగాడు. శ్రీధర్ వెనకనుంచి, “చెప్పు స్వామీ, ఏం కాదు” అన్నాడు. నోరు మూసుకోమన్నాను.

రవి మెడలో మాలను గుప్పిట్లో పట్టుకున్నాడు. “నేను మాలల ఉన్న మేడం. గిది మీదున్నంక అబద్ధం ఎట్ల చెప్పాలె? సారును నేనే కొట్టిన. కర్ర శ్రీధరన్న ఇచ్చిండు” అన్నాడు. తర్వాత నేను అడగకుండానే ఇంకోటి చెప్పాడు. “గోళీలు మోరిల పారేసింది గూడ నేనే. అక్క దాసిపెట్టుకుంటే గుంజుకున్న. మంచిగైతదన్నరు. పిల్ల చెయ్యి కాలిపాయె.”

వరండాలో ఉన్న రేణుక లోపలికి వచ్చింది. తమ్ముణ్ణి కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. శ్రీధర్ ముందు నిలబడి, “నీ బిడ్డకు జరమొస్తే హనుమకొండకు కారుల ఉరికినవ్ గదనే, తీర్థం తాగిపిచ్చినవా?” అని అడిగింది. శ్రీధర్ వకీలు వైపు చూశాడు.

రాజలింగం మీద చర్య తీసేస్తూ, శ్రీధర్‌నూ అతని ముగ్గురినీ ఏడాదిపాటు కట్టేస్తూ ఉత్తర్వు రాశాను. దెబ్బల కేసు నమోదు చేయమని సాక్ష్యం నకళ్ళు పై పోలీసు అధికారికి పంపాను. మూడు రోజులకు ఆర్డీవో పిలిచి, నాకు పరిపాలన తెలియదనీ, నాస్తికుడి పక్షం తీసుకున్నానని ఫిర్యాదు వచ్చిందనీ అన్నారు. నేను దెబ్బతిన్నవాడి పక్షం తీసుకున్నానని చెప్పాను. ఏడాది తిరగకముందే మహబూబాబాద్ జిల్లాకు బదిలీ అయింది, అక్కడే రిటైరయ్యాను.

రాజలింగం ఆదివారాలు మానలేదని విన్నాను. బాండు గడువులో శ్రీధర్ అతని జోలికి పోలేదు. గడువు అయిపోయాక పక్క ఊళ్ళో అతని సభ జరగనివ్వలేదు. ఆశ్రమంలో శ్రీధర్ హోదా పెరిగింది. రవి ఇప్పటికీ ఏటా మాల వేసుకుంటాడు, మేనకోడలి గోళీలు అయిపోకముందే తనే ఆటోలో జనగామ వెళ్ళి తెస్తాడు. అతను నాస్తికుడు కాలేదు, కావాలని రాజలింగం అడగనూ లేదు.

వృత్తిలో ఈ కేసు నాకు నేర్పింది చెబుతాను. రాజలింగం లాంటివాడి ఓపిక రవి దాకా పోతుంది, ఎందుకంటే రవికి నిజంగా ఒక నమ్మకం ఉంది, దానితో మాట్లాడవచ్చు. శ్రీధర్ దేవుని పేరు మీద చెయ్యెత్తి అబద్ధం చెప్పిన మనిషి. అతనికి కావలసింది ఊరి మీద పెత్తనం, దాన్ని ఏ నాస్తికుడూ వాదించి పోగొట్టలేడు. అది ప్రభుత్వం ఆపాలి, చట్టంలో ఉన్న అధికారంతో, పేరు పెట్టి. ఆ పని ఎగ్గొట్టడానికి మేము కనిపెట్టిన మాటే బాలెన్స్. ఎస్సై శాంతి కోసమని దూరం పెట్టిన మనిషి ఆ రెండు వారాల్లో ఒక్క ఆదివారం వెళ్ళి ఉంటే రేణుక మళ్ళీ చీటీ రాయించుకుని గోళీలు తెచ్చేదని ఆమే నాతో చెప్పింది. మౌనిక ఇంటర్ చదువుతోంది. ఎడమచేతి రెండు వేళ్ళు ముడుచుకోవు.