పండ్లగుట్ట మీద షిఫ్టు

రామగిరి దాటి, సెంటినరీ కాలనీ పక్కనుంచి లోపలికి పోతే పండ్లగుట్టపల్లె వస్తుంది. ఆ ఊళ్లో ఆగయ్యతో మాట్లాడే మనిషి లేడు. ఎదురుపడితే మెడ తిప్పుకుంటారు. కిరాణా కొట్టాయన ఉప్పు ప్యాకెట్ ఇస్తాడు గానీ "ఇంకేం గావాలె కాక" అని అడగడు. కుక్కలు మాత్రం మామూలుగానే మొరుగుతాయి. ఊరి మీటింగుకు వాటిని ఎవరూ పిలవలేదు మరి!

ఇంత శిక్ష పడటానికి ఆగయ్య ఏం చేశాడు? ఎవరినైనా చంపాడా? ఎవరి కొంపైనా కూల్చాడా? అవేవీ కాదు. గుట్ట వాలులో తనకున్న ఎకరం మెట్ట చెలకను గాలిమరల కంపెనీకి కిరాయికి ఇస్తానని సంతకం పెట్టాడు. ఊరంతా వద్దన్నదానికి తనొక్కడే సరేనన్నాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఆ రోజే అతనికి పేరు పడింది.

ఊరిది తప్పని కూడా అనలేం. మూడు దిక్కులా ఓపెన్ కాస్టు గోతులు, వాటి పక్కన కొండల్లాంటి మట్టికుప్పలు. బొగ్గు కోసం ఒకసారి పాత ఊరినే వదిలేసి వచ్చిన జనం వాళ్లు. మిగిలింది నాలుగో దిక్కున ఈ గుట్ట ఒక్కటే. మేకలకు మేత అక్కడే. దసరా ముందర ఆడవాళ్లు గంపలకెత్తి గోదావరిఖనిలో అమ్ముకునే సీతపండ్లు కాసేది అక్కడే. గాలిమర రెక్క ఒక్కటే ఊరి వీధంత పొడవట. దాన్ని మోసుకొచ్చే బండి మలుపు తిరగాలంటే గుట్టను సగం చెక్కాలట. ఆ చెక్కుడుకు యంత్రాలు పోవాల్సిన తొవ్వ ఆగయ్య చెలకలోంచే. అతను ఇవ్వకపోతే కంపెనీ ఇంకో గుట్ట వెతుక్కునేది.

ఇచ్చాడు. ఎందుకిచ్చాడో ఎవరూ అడగలేదు. డబ్బుకే ఇచ్చాడని ఊరు తనకు తానే జవాబు చెప్పుకుంది.

ఆగయ్య మీసాలు సరిగ్గా రాకముందే బాయిలో దిగిన మనిషి. బొగ్గు గనిని అక్కడ బాయి అనే అంటారు. టబ్బుల్లోకి బొగ్గు నింపే ఫిల్లరు పని అతనిది. టబ్బుకు ఇద్దరు. ఒకడు పారతో ఎత్తుతాడు, ఇంకొకడు తట్టతో మోస్తాడు. ఆగయ్యకు జోడి పోశం. ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు, అయినా మొదటి రోజు నుంచీ బావా అంటే బావా అనుకున్నారు. పైకప్పు కూలితే ఇద్దరి మీదా కూలుతుంది, అంతకన్నా చుట్టరికం ఏముంటుంది? ఇళ్లు కూడా ఒకే వాడలో కట్టుకున్నారు. నడుమ మూడిళ్లు.

ఆ బాయి మీద ఒక పెద్ద ఫ్యాను ఉండేది. లోపల పనిచేసేవాళ్లకు గాలి పంపేది అదే. దాని చప్పుడు కాలనీ దాకా వినిపించేది. ఫ్యాను తిరుగుతోందంటే లోపల మనుషులున్నారని అర్థం. దాన్ని చూసుకునే ఖలాసీ ఒకడు, అతనికి తోడుగా ముచ్చట్లు పెట్టేవాళ్లు నలుగురు, షిఫ్టు మారేటప్పుడు సైకిళ్ల గంటలు, పక్కనే చాయ్ డబ్బా. ఫ్యాను ఉన్న చోట మనుషులుంటారు. సర్వీసంతా చేసి ఆగయ్య బుర్రలో నాటుకున్న సంగతుల్లో ఇది ఒకటి. ఇది కూడా తప్పు కావచ్చని ఆ అమాయకుడికి తోచలేదు.

రిటైరయ్యాక అతనికి లోకమంటే భార్య లస్మవ్వే. పిల్లలు నిలవలేదు. ఆగయ్య నోట్లో నాలుక లేని మనిషైతే, లస్మవ్వ ఇద్దరి మాటలూ తనే మాట్లాడేది. వాకిట్లో కూర్చుని, వచ్చేవాళ్లను పోయేవాళ్లను పిలిచి మరీ చాయ్ పోసేది. "ఏందే, కండ్లు నెత్తికెక్కినయా, ఆగకుంట పోతున్నవ్?" అని ఆమె కేకేస్తే ఎంత పనున్నవాళ్లైనా అరుగు మీద కూలబడాల్సిందే. ఇల్లు ఎప్పుడూ అంగడిలా ఉండేది. ఆ జనం మధ్యలో ఆగయ్య బీడీ కాల్చుకుంటూ, నవ్వాల్సిన చోట నవ్వుతూ కూర్చునేవాడు.

రెండేళ్ల కింద లస్మవ్వకు కామెర్లు ముదిరి దవాఖానాలోనే పోయింది. ఆమెతోపాటే ఆ జనమంతా పోయారు. వాళ్లు వచ్చింది ఆమె కోసమే గానీ తన కోసం కాదని ఆగయ్యకు అప్పుడే తెలిసింది. ఆ వయసులో తెలియకూడని సంగతి అది.

దినాలయ్యేదాకా పోశం రోజూ వచ్చాడు. తర్వాత వారానికోసారి. ఆ తర్వాత అతనికి మోకాళ్ల నొప్పులు, మనవలు, సాయంత్రమైతే టీవీ. ఎవరినని తప్పుబడతాం? బతికున్నవాళ్లకు బతికున్నవాళ్ల పనులుంటాయి. ఆగయ్య పొద్దున వండిన అన్నమే రాత్రికీ తినేవాడు. రెండుసార్లు వండితే రెండుసార్లు ఒంటిగా తినాలి కదా అని.

అప్పుడొచ్చాడు ఉపేందర్. గాలిమరల కంపెనీకి భూములు మాట్లాడిపెట్టే పోరడు. మోటారు సైకిల్ దిగి, చెప్పులు విడిచి, సొంత ఇంట్లోకి వచ్చినట్టు లోపలికి వచ్చాడు.

"కాకా, బువ్వ తిన్నవా?"

ఆ మాట విని ఎన్నాళ్లయిందో ఆగయ్యకు గుర్తులేదు. "లేదు బిడ్డా. ఇప్పుడు వండుకోవాలె."

"నేను గూడ తినలేదే. ఇద్దరికి పెట్టు ఎసరు."

ఇద్దరికి ఎసరు పెట్టాడు ఆగయ్య. చింతచిగురు పప్పు చేశాడు. పోరడు రెండోసారి వేయించుకుని తిన్నాడు. నెల రోజులు, ఆదివారం కూడా వదలకుండా వచ్చాడు. భూమి మాట ఎత్తింది తక్కువ. బాయి ముచ్చట్లు అడిగేవాడు, లస్మవ్వ ముచ్చట్లు అడిగేవాడు. ఆమె గురించి చెబుతూ ఒకరోజు ఆగయ్య ఏడిస్తే, వీపు మీద చెయ్యేసి కూర్చున్నాడు. అందులో ఎంత నిజమో ఎంత డ్యూటీయో ఆ దేవుడికే తెలియాలి.

"గా పెద్ద ఫ్యాను కాడ ఎంతమంది ఉంటరు బిడ్డా?" అని ఒకనాడు గాలిమర గురించి అడిగాడు ఆగయ్య.

"మస్తుమంది వస్తరు కాకా. లారీలు, క్రేన్లు, సార్లు... నీ చెలక కాడ జాతరే అనుకో."

అతను చెప్పింది మర కట్టే రోజుల మాట. ఆగయ్య విన్నది షిఫ్టు మాట. మూడు షిఫ్టులు, ఖలాసీలు, మధ్యాన్నం టిఫిన్ డబ్బా విప్పుకుని చెట్టుకింద కూర్చునే పిల్లలు, "కాకా, మంచినీళ్లియ్యి" అని అడిగే గొంతులు. అవన్నీ అతని కళ్ల ముందు తిరిగాయి. మర్నాడే సంతకం పెట్టాడు.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. సంతకం అయిన మర్నాటి నుంచి ఉపేందర్ మళ్లీ కనిపించలేదు. ఫోను చేస్తే "మీటింగుల ఉన్న కాకా, మల్ల చేస్త" అన్నాడు. మళ్లీ చేయలేదు. ఇంకో మనిషికని వండిన అన్నం మూడు రోజులు అలాగే మిగిలిపోయింది.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, అదే వారం ఊరు మీటింగు పెట్టింది. గుట్టను కాపాడే కమిటీకి పెద్ద సదానందం. మాజీ సర్పంచు, మాట కరుకు గానీ మనిషి చెడ్డవాడు కాదు.

"మనల్ని ఒక్కసారి లేపిండ్రు, సాలు. ఆగయ్య కాక గుట్టకు తొవ్వ ఇచ్చిండు. సంతకం వాపస్ తీసుకునేదాక ఆయనతోని ఎవ్వలు మాట్లాడద్దు. ఒప్పుకున్నోళ్లు చెయ్యెత్తుండ్రి."

ఆగయ్య వెనక వరుసలో నిలబడి చూశాడు. అందరికన్నా ముందు లేచిన చెయ్యి పోశానిది.

ఆ చేతిని ఆగయ్య ఎరుగును. ఒకసారి పైకప్పు పెళ్లలు రాలుతుంటే తన చొక్కా పట్టి వెనక్కి గుంజిన చెయ్యి అది. ఊరంతా మాట మానేసినా ఓర్చుకుందును, పోశం ఒక్కడు మాట్లాడితే చాలునని ఆ రోజు నుంచి ఆగయ్య కోరుకున్నాడు. పోశం గొంతు తప్ప ఇంకేమీ అక్కర్లేకపోయింది. వెళ్లి చెప్పుకుందామా అంటే ఏమని చెప్పుకుంటాడు? ఒంటరిగా ఉండలేక భూమి ఇచ్చానంటే మొగోడు అనరు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది.

సరే, ఊరు పోతే పోయింది, షిఫ్టువాళ్లు వస్తారుగా అనుకున్నాడు. పిచ్చి మారాజు! చెలక గట్టున నాలుగు గుంజలు పాతి, తాటాకులతో పందిరి వేశాడు. కొత్త కుండ కొని నీళ్లు నింపి, రోజూ పారబోసి మళ్లీ నింపాడు. కూర్చోవడానికి బండలు దొర్లించుకొచ్చి వరసగా వేశాడు. మేకల కాపరులు అటుగా పోతూ చూసి నవ్వుకున్నారు. ఎండకు నోరెండిపోతున్నా ఆ కుండలో నీళ్లు మాత్రం ముట్టలేదు.

ఒకరోజు కంపెనీ ఇంజనీరు కొలతలకు వచ్చాడు. పేరు వేణుమాధవ్. పందిరి కింద కూర్చుని రెండు గ్లాసుల నీళ్లు తాగాడు. ఆగయ్యకు పండుగ వచ్చినట్టయింది.

"సారూ, ఫ్యాను నడువవట్టినంక షిఫ్టుకు ఎంతమంది ఉంటరు?"

ఇంజనీరుకు అర్థం కాలేదు. "షిఫ్టులా? అలాంటివేమీ ఉండవండీ పెద్దాయనా. ఎక్కడో ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని చూసుకుంటారు. రిపేరొస్తే ఇద్దరొచ్చి చేసిపోతారు, అంతే."

"ఖలాసీ?"

"అక్కర్లేదు. చుట్టూ కంచె వేసి గేటుకు తాళం పెట్టేస్తాం."

"ఫ్యాను తిరుగుతాంటె మనుషులుండాలె గద సారూ!"

"గాలి ఉంటే చాలండీ" అని ఇంజనీరు నవ్వాడు. చెడ్డగా నవ్వలేదు పాపం. ముసలాయన ఏదో ముచ్చటగా అడుగుతున్నాడనుకున్నాడు.

అతను వెళ్లిపోయాక ఆగయ్య ఆ బండల మీద ఒక్కడే కూర్చుని ఏడ్చాడు. లస్మవ్వ పోయినప్పుడు నలుగురూ పట్టుకుని ఏడ్చారు గనుక అతని ఏడుపు సగమే బయటికొచ్చింది. మిగతా సగం ఇప్పుడొచ్చింది. "తూ, నా బతుకు! ఒక తాళంకప్ప కోసం ఊరిని పోగొట్టుకుంటినా!" అని తన నెత్తి తనే కొట్టుకున్నాడు.

మరో పది రోజులకు మట్టి తవ్వే యంత్రాలు వచ్చాయి. ఊరంతా రోడ్డుకు అడ్డంగా కూర్చుంది. ఆడవాళ్లు గంపలు బోర్లించుకుని ముందు వరసలో, మగవాళ్లు వెనక. పోలీసు జీపు వచ్చింది. ఆగయ్య కండువా భుజాన వేసుకుని వెళ్లి, మగవాళ్ల వరస చివర కూర్చున్నాడు. పక్కనున్న ఇద్దరు లేచి అవతలికి జరిగారు.

"మీ కంపెనోళ్లు గక్కడున్నరు. గక్కడ కూసో పో" అన్నాడు సదానందం, ఎటో చూస్తూ. అది మాట్లాడినట్టు లెక్కకు రాదని అతని ధీమా.

ఆగయ్య కదల్లేదు. ఎస్సై ముందుకు వచ్చాడు. "భూమి గల్లాయన సంతకం పెట్టిండు. నడుమ మీకేం బాధ?"

మోకాళ్ల మీద చేతులు ఆనించి ఆగయ్య లేచాడు. "గా భూమి గల్లోన్ని నేనే సారూ. తెల్వక పెట్టిన. ఇప్పుడు వద్దంటున్న. నా చెలకలకెళ్లి బండి పోవాలంటె ముందుగాల నా మీదికెళ్లి పోవాలె."

నోరు లేని మనిషి అంత గట్టిగా అనేసరికి జనం గుసగుసలు మానేశారు. ఎస్సై పక్కకు వెళ్లి ఎవరితోనో చాలాసేపు ఫోనులో మాట్లాడాడు. సంతకం సంగతి కోర్టులో తేల్చుకోవాలని, ఇవాళ్టికి మాత్రం యంత్రాలు వాపస్ పోతాయని చెప్పాడు. బండ్లు దుమ్ము లేపుకుంటూ వెనక్కి తిరిగాయి. ఆడవాళ్లు ఈలలు వేశారు, కేకలు పెట్టారు. సదానందాన్ని భుజాలకెత్తుకున్నారు. ఆగయ్య దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు. మాట మానేయడం కూడా ఒక అలవాటే. దాన్ని ఎలా విడవాలో వాళ్లకే తెలియలేదు.

జనం ఊళ్లోకి పోతుంటే పోశం ఒక్కడు వెనక్కి వచ్చాడు. కర్ర పొడుచుకుంటూ వచ్చి ఆగయ్య ఎదురుగా నిలబడ్డాడు. మొహం ఎర్రగా ఉంది.

"ఎంతకమ్ముకున్నవ్ రా మమ్ముల? సెప్పు. ఎంతకు?"

ఇన్నాళ్లకు విన్న గొంతు తిట్టే గొంతైనా ఆగయ్యకు ప్రాణం లేచొచ్చింది. "పైసలకు కాదు బావా."

"మరెందుకు?"

"గా పోరడు రోజూ వచ్చి నాతోని బువ్వ తిన్నడు. లస్మి పోయినంక మా ఇంట్ల ఇంకో కంచం పెట్టింది గా నెల దినాలే. ఫ్యాను వస్తె షిఫ్టులు నడుస్తయి, మనుషులు వస్తరు, పోతరు అనుకున్న. గంతే. ఇంకేం లేదు బావా, లస్మి మీద ఒట్టు."

పోశం కోపమంతా ఎక్కడికి పోయిందో, కర్ర మీద బరువు వేసి అలాగే నిలబడ్డాడు. "నేను లేనారా? మా ఇంటికి రాకపోతివా?"

"వచ్చిన. ఒక్కసారి గాదు, రెండుమాట్ల వచ్చిన. మీరంత టీవీ సూస్తున్నరు. గడప కాడ కొంచెంసేపు నిలబడి తిరిగొచ్చిన."

పోశం అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు. చూడలేదు బావా అంటే ఆగయ్య నమ్మేవాడే.

"నేను జూసిన బావా" అన్నాడు చివరికి. "రెండుమాట్ల జూసిన. కూసుంటె జల్ది లేవవని పిలువలే."

ఆగయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"నిజమే బావా" అన్నాడు. "కూసుంటె నేనెక్కడ లేస్తుంటి."